బ్యాకప్ కోసం పోర్టబుల్ హార్డ్ డ్రైవ్: కొనే ముందు తెలుసుకోవాల్సినవి

పెళ్లి ఆల్బమ్, పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజుల నకళ్లు, మార్కుల జాబితాలు ఒకప్పుడు బీరువాలో ఉండేవి. ఇప్పుడు అవే చాలా ఇళ్లలో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఫైళ్లుగా ఉంటున్నాయి. ఫోన్ నీళ్లలో పడినా, ల్యాప్‌టాప్ దొంగతనానికి గురైనా పోయేది ఆ పరికరం ఒక్కటే కాదు. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమిత నిల్వను ఆపేశాక, ఫొటోలను సొంత డ్రైవ్‌లో దాచుకోవాలన్న ఆలోచన మరింత మందికి వచ్చింది.

దుకాణానికి వెళ్లగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న 'ఏ కంపెనీది మంచిది?' నిజానికి ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద సంస్థలు ఇప్పుడు మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. ఏ సంస్థ డ్రైవ్ అయినా ఏదో ఒక రోజు ఆగిపోతుంది. కాబట్టి అది ఆగిపోయిన రోజున ఏం మిగులుతుంది అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక తేలికవుతుంది. దానికి ముందుగా ఈ పెట్టెల్లో సమాచారం ఎలా నిలిచి ఉంటుందో తెలియాలి.

తిరిగే పళ్లేలు, తేలే హెడ్

పోర్టబుల్ హార్డ్ డ్రైవ్ లోపల నున్నటి గుండ్రని పళ్లేలు ఉంటాయి. వాటిపై అతి పలుచని అయస్కాంత పూత ఉంటుంది. ఆ పూతలోని సూక్ష్మమైన రేణువుల సమూహాలు ఏ దిశలో అయస్కాంతీకరణ చెందాయన్న దాన్ని బట్టి సున్నాలు, ఒకట్లు నమోదవుతాయి. ఈ పద్ధతి కొత్తది కాదు. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన ర్యామాక్ యంత్రంలో 24 అంగుళాల వ్యాసమున్న 50 పళ్లేలు ఉండేవి. అన్నీ కలిపి దాచగలిగింది సుమారు 50 లక్షల అక్షరాలు. ఈనాటి ఫోన్ తీసే ఒకటి రెండు ఫొటోలకే ఆ చోటు సరిపోతుంది.

నేడు అరచేతిలో ఇమిడే డ్రైవ్‌లో 6 టెరాబైట్ల దాకా పడుతుందంటే భౌతికశాస్త్రంలోని ఒక ఆవిష్కరణకు అందులో పెద్ద వాటా ఉంది. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా ఒక విషయం గమనించారు. కొన్ని పరమాణువుల మందంతో లోహపు పొరలను ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు, కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే వాటి విద్యుత్ నిరోధం బాగా మారిపోతోంది. దీన్నే బృహత్ అయస్కాంత నిరోధం అంటారు. ఈ ధర్మం ఆధారంగా చేసిన హెడ్‌లు అంతకుముందు పసిగట్టలేనంత చిన్న అయస్కాంత చుక్కలను కూడా చదవగలిగాయి. ఈ ఆవిష్కరణకు ఇద్దరికీ 2007లో నోబెల్ బహుమతి లభించింది.

పోర్టబుల్ డ్రైవ్‌లలో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. రెండున్నర అంగుళాల పళ్లెం అంచు వేగాన్ని లెక్కిస్తే గంటకు సుమారు 65 కిలోమీటర్లు వస్తుంది. ఆ వేగంతో పరుగెత్తే ఉపరితలంపై, కొద్ది నానోమీటర్ల ఎత్తులో, పలుచని గాలి పొర మీద హెడ్ తేలుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం అంతకు వేల రెట్లు ఎక్కువ. డ్రైవ్ పనిచేస్తుండగా కిందపడితే హెడ్ పళ్లేన్ని తాకి పూతను గీకేయవచ్చు. ఆగి ఉన్నప్పుడు హెడ్ పళ్లెం మీద నుంచి పక్కకు తప్పుకుని ఉంటుంది కాబట్టి ముప్పు తక్కువ. అందుకే కాపీ జరుగుతున్నప్పుడు డ్రైవ్‌ను మంచం అంచున, ఒళ్లో, వేలాడే కేబుల్‌తో ఉంచకూడదు.

కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ

రెండో రకం ఎస్‌ఎస్‌డీ. ఇందులో తిరిగేదేమీ ఉండదు. జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే దీనికి మూలం. సూక్ష్మమైన గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి, అక్కడ ఎంత ఆవేశం ఉందో కొలిచి సమాచారాన్ని చదువుతారు. ఒక్కో గదిలో మూడు బిట్లు దాచాలంటే 8 స్థాయిల ఆవేశాన్ని, నాలుగు బిట్లు దాచాలంటే 16 స్థాయిలను వేరుచేసి గుర్తించాలి. గది ఎంత కిక్కిరిస్తే ధర అంత తగ్గుతుంది, పొరపాటుకు అవకాశం అంత పెరుగుతుంది.

కిందపడినా తట్టుకోవడం, వేగం ఎస్‌ఎస్‌డీకి బలాలు. అయితే బంధించిన ఎలక్ట్రాన్లు కాలక్రమంలో కొద్దికొద్దిగా జారిపోతుంటాయి. వేడి ఎక్కువైతే ఆ జారుడు వేగం పెరుగుతుంది. సెమీకండక్టర్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ జెడెక్ నిబంధన ప్రకారం, సాధారణ వినియోగదారుల ఎస్‌ఎస్‌డీ తనకు నిర్దేశించిన రాతల పరిమితిని పూర్తిగా వాడేసిన తర్వాత కూడా, విద్యుత్ లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏడాది పాటు సమాచారాన్ని నిలుపుకోవాలి. కొత్త ఎస్‌ఎస్‌డీ ఇంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుకుంటుంది. అయినా దాన్ని బీరువాలో పెట్టి ఐదారేళ్లు మరిచిపోవడానికి తగిన వస్తువుగా చూడకూడదు.

వేడి విషయం తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పోర్టబుల్ హార్డ్ డ్రైవ్‌లు పనిచేసేటప్పుడు చుట్టూ ఉండే ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటకూడదని చాలా తయారీ సంస్థలు సూచిస్తాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఎండాకాలంలో పెద్ద కాపీలను తెల్లవారుజామునో, చల్లబడిన గదిలోనో చేసుకోవడం, డ్రైవ్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకపోవడం, పనిచేస్తున్నప్పుడు దానిపై పుస్తకాలు, బట్టలు పెట్టకపోవడం మంచిది.

ఎంత సామర్థ్యం కావాలి?

ముందు ఇప్పుడున్న ఫైళ్ల పరిమాణం కూడాలి. ఒక్కో ఫొటో సగటున 4 మెగాబైట్లు అనుకుంటే 50,000 ఫొటోలకు 200 గిగాబైట్లు అవుతుంది. వీడియోలు ఉంటే లెక్క వేగంగా పెరుగుతుంది. వచ్చిన మొత్తానికి కనీసం రెట్టింపు తీసుకుంటే నాలుగైదేళ్లకు ఇబ్బంది ఉండదు. సాధారణ కుటుంబానికి 1 లేదా 2 టెరాబైట్లు సరిపోతాయి. పెళ్లి వీడియోలు పూర్తి నాణ్యతతో దాచేవారికి 4 టెరాబైట్లు అవసరం కావచ్చు.

కొత్త డ్రైవ్‌ను కంప్యూటర్‌కు తగిలించగానే చాలామందికి ఒక అనుమానం వస్తుంది. పెట్టె మీద 1 టెరాబైట్ అని ఉంటే విండోస్‌లో 931 గిగాబైట్లే కనిపిస్తాయి. ఇందులో మోసం లేదు. తయారీ సంస్థ 1 టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తుంది. విండోస్ మాత్రం 1,024ను మూడుసార్లు గుణించగా వచ్చే 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక గిగాబైట్ అంటుంది. లక్ష కోట్లను ఆ సంఖ్యతో భాగిస్తే 931 వస్తుంది.

అసలు మోసం మరోచోట ఉంది. ఆన్‌లైన్‌లో అతి తక్కువ ధరకు 16 టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ అంటూ అమ్మే కొన్ని పెట్టెల్లో ఒక చిన్న మెమరీ కార్డు మాత్రమే ఉంటుంది. లేని చోటు ఉన్నట్టు చూపేలా లోపలి ప్రోగ్రామును మార్చి ఉంచుతారు. కాపీ అయినట్టే కనిపిస్తుంది. అసలు సామర్థ్యం నిండాక మాత్రం కొత్త ఫైళ్లు పాతవాటిపై రాసుకుపోతాయి లేదా మాయమవుతాయి. కొన్నవారికి ఆ సంగతి నెలల తర్వాత గానీ తెలియదు. కొత్త డ్రైవ్‌ను చివరిదాకా నింపి, తిరిగి చదివి సరిచూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ మోసాన్ని పట్టేస్తాయి. వస్తువును వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే ఈ పరీక్ష చేయాలి.

వేగం: డ్రైవ్ ఒక్కటే కారణం కాదు

సాధారణ పోర్టబుల్ హార్డ్ డ్రైవ్ పెద్ద ఫైళ్లను సెకనుకు సుమారు 100 మెగాబైట్ల చొప్పున రాయగలదు. ఆ లెక్కన 1 టెరాబైట్ కాపీకి రెండు గంటల 47 నిమిషాలు పడుతుంది. సెకనుకు 500 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీ అయితే 33 నిమిషాలు చాలు. అదే హార్డ్ డ్రైవ్‌ను పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలిస్తే వేగం సెకనుకు 35 మెగాబైట్ల దగ్గర ఆగిపోయి, పని దాదాపు 8 గంటలు సాగుతుంది. యూఎస్‌బీ 3.0 గరిష్ఠ వేగం సెకనుకు 5 గిగాబిట్లు. హార్డ్ డ్రైవ్‌కు అది అవసరానికి మించే ఉంటుంది కాబట్టి అంతకంటే ఖరీదైన పోర్టు కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. మొదటిసారి కాపీ పూర్తయ్యాక ప్రతి నెలా చేరే కొత్త ఫైళ్లు కొద్దిగానే ఉంటాయి కనుక బ్యాకప్‌కు వేగం మొదటి ప్రాధాన్యం కాదు.

ఈ హార్డ్ డ్రైవ్‌లకు విద్యుత్ కూడా యూఎస్‌బీ కేబుల్ ద్వారానే అందుతుంది. పాడైన కేబుల్, బలహీనమైన పోర్టు, చవక హబ్ వల్ల తగినంత విద్యుత్ అందకపోతే డ్రైవ్ టిక్ టిక్ మంటూ మొరాయిస్తుంది. మొదట కేబుల్, పోర్టు మార్చి చూడాలి. అప్పటికీ శబ్దం ఆగకపోతే మళ్లీ మళ్లీ తగిలించి ప్రయత్నించకుండా పక్కన పెట్టడం మేలు. హెడ్ దెబ్బతిన్న డ్రైవ్‌ను తిప్పినకొద్దీ పళ్లేలపై గీతలు పెరిగి, నిపుణులు కూడా ఏమీ తీయలేని స్థితి వస్తుంది.

డ్రైవ్‌ల వివరాల్లో ఎస్‌ఎంఆర్ అన్న మాట కొన్నిసార్లు కనిపిస్తుంది. పెంకుటింటి కప్పు మీద ఒక వరుస పెంకులు పక్క వరుసను కొంత కప్పినట్టే, ఈ పద్ధతిలో అయస్కాంత వరుసలు ఒకదానిపై ఒకటి కొంత పడేలా రాస్తారు. తక్కువ చోటులో ఎక్కువ సమాచారం పడుతుంది. మధ్యలోని ఒక్క పెంకును మార్చాలంటే పక్కవాటినీ కదిలించాల్సినట్టు, పాత ఫైలును మార్చి రాసేటప్పుడు మాత్రం పక్క వరుసలనూ మళ్లీ రాయాలి. అందుకే వేగం పడిపోతుంది. ఒకసారి రాసి దాచుకునే బ్యాకప్‌కు ఇది పెద్ద లోపం కాదు. రోజంతా వీడియో ఎడిటింగ్ చేసే డ్రైవ్‌గా వాడాలనుకుంటే ఇబ్బందే.

ఫార్మాట్, తాళం

విండోస్ కంప్యూటర్లు మాత్రమే ఉన్న ఇంట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ సరైనది. మ్యాక్ కంప్యూటర్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోని ఫైళ్లను చదవగలదు గానీ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా వాటిలో రాయలేదు. రెండు రకాలూ వాడేవారికి ఎక్స్‌ఫ్యాట్ అనువైనది. అయితే జరుగుతున్న మార్పులను ముందుగా చిట్టాలో రాసుకునే ఏర్పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది, ఎక్స్‌ఫ్యాట్‌లో లేదు. కాపీ మధ్యలో కేబుల్ ఊడితే ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ ఎక్కువగా దెబ్బతింటుంది. ఏ ఫార్మాట్ అయినా 'ఎజెక్ట్' నొక్కాకే డ్రైవ్‌ను తీయాలి. తెరపై కాపీ పూర్తయినట్టు కనిపించినా కొంత సమాచారం ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండి ఉండవచ్చు.

జేబులో పట్టే వస్తువు పోవడమూ తేలికే. ఆధార్, పాన్ నకళ్లు, బ్యాంకు కాగితాలు దాచే డ్రైవ్‌కు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. విండోస్ ప్రో వాడేవారికి బిట్‌లాకర్ అందుబాటులో ఉంటుంది. మ్యాక్‌లో ఆ ఏర్పాటు సిస్టమ్‌లోనే ఉంది. మిగిలినవారు వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు. పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ సమాచారాన్ని ఎవరూ తెరవలేరు. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసి, డ్రైవ్‌కు దూరంగా మిగతా ముఖ్య పత్రాలతో పాటు ఉంచాలి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి.

ఒక్క డ్రైవ్ ఎందుకు చాలదు?

తన డేటా కేంద్రాల్లోని హార్డ్ డ్రైవ్‌ల వైఫల్యాల లెక్కలను బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ సంస్థ ఏటా బయటపెడుతుంది. 2023లో ఆ వైఫల్య రేటు 1.4 శాతం. అవి చల్లని గదుల్లో కదలకుండా ఉండే డ్రైవ్‌లు. బ్యాగుల్లో తిరిగే పోర్టబుల్ డ్రైవ్‌లకు ఆ సంఖ్య నేరుగా వర్తించదు. అయినా లెక్క కోసం అదే తీసుకుందాం. ఒక డ్రైవ్ ఏడాదిలో చెడిపోయే అవకాశం వెయ్యికి 14. రెండు డ్రైవ్‌లు ఉంటే, రెండూ అదే ఏడాదిలో చెడిపోయే అవకాశం 0.014ను 0.014తో గుణిస్తే వస్తుంది. అది సుమారు పదివేలకు రెండు. రెండో డ్రైవ్ కొనడం వల్ల ముప్పు 70 రెట్లు తగ్గింది. ఎంత ఖరీదైన డ్రైవ్ అయినా ఒక్కటిగా ఇంత రక్షణ ఇవ్వలేదు.

ఈ గుణకారం చెల్లాలంటే ఒక షరతు ఉంది. ఒక డ్రైవ్ చెడిపోవడానికీ మరొకటి చెడిపోవడానికీ సంబంధం ఉండకూడదు. రెండూ ఒకే బీరువాలో ఉంటే ఆ షరతు తప్పుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, చుట్టుపక్కల ప్రాంతాల్లో ఇళ్లను ముంచెత్తింది. అలాంటి నీటికి ఒక అరలోని డ్రైవ్, పక్క అరలోని డ్రైవ్ అన్న తేడా ఉండదు. నిప్పు, దొంగతనం విషయంలోనూ అంతే.

రెండూ ఎప్పుడూ ఒకే కంప్యూటర్‌కు తగిలించి ఉన్నా షరతు తప్పినట్టే. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇలాంటి ప్రోగ్రాములు కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డ్రైవ్‌లనూ వదలవు. తీసి పక్కన పెట్టిన డ్రైవ్ జోలికి మాత్రం వెళ్లలేవు.

బ్యాకప్ గురించి చెప్పే 3-2-1 సూత్రం ఈ ఆలోచన నుంచే వచ్చింది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు వేర్వేరు రకాల మాధ్యమాలపై ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. ల్యాప్‌టాప్‌లో అసలు ప్రతి, ఇంట్లో ఒక హార్డ్ డ్రైవ్, ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో తోబుట్టువుల ఇంట్లోనో మరో డ్రైవ్ ఉంటే సూత్రం చాలావరకు నెరవేరినట్టే. పండుగకు వెళ్లినప్పుడల్లా డ్రైవ్‌లను మార్చుకుని తెచ్చుకోవచ్చు.

వేరే చోటి ప్రతిగా ఆన్‌లైన్ నిల్వ కూడా పనికొస్తుంది గానీ, దాన్ని ఏకైక ప్రతిగా నమ్ముకోకూడదు. 2015కు ముందు పన్నెండేళ్లలో వినియోగదారులు ఎక్కించిన పాటలు, ఫొటోలు సర్వర్ల మార్పిడిలో పోయాయని మైస్పేస్ సంస్థ 2019లో ఒప్పుకుంది.

ఖర్చు పరిమితమైతే ఏది ముందు దాచాలో తేల్చుకోవాలి. డిజీలాకర్‌లో జారీ అయిన ధ్రువపత్రాలను మళ్లీ పొందవచ్చు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు మళ్లీ దొరుకుతాయి. తాతగారి గొంతు రికార్డు, సొంతంగా రాసుకున్నవి, కుటుంబ ఫొటోలు మళ్లీ దొరకవు.

తిరిగి తెరిచి చూడాలి

1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' సినిమా ఫైళ్లలో చాలా భాగం పొరపాటున తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్ ఉందన్న ధీమాతో చూస్తే అది సరిగా పనిచేయడం లేదని తేలింది. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మాన్ అనే సాంకేతిక నిపుణురాలి ఇంట్లోని కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉండటంతో సినిమా గట్టెక్కింది. బ్యాకప్ తీయడం వేరు, అది తిరిగి తెరుచుకుంటుందని తెలుసుకోవడం వేరు.

మూడు నెలలకు ఒకసారి డ్రైవ్‌ను తగిలించి, వేర్వేరు సంవత్సరాల ఫైళ్లు కొన్ని, వీలైతే మరో కంప్యూటర్‌లో, తెరిచి చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రైవ్ ఆరోగ్యాన్ని చూపుతుంది. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే కొత్త డ్రైవ్ కొనే సమయం వచ్చినట్టు. రెండు చోట్లా ఫైళ్లను అచ్చం ఒకేలా ఉంచే 'సింక్' పద్ధతి మీద మాత్రమే ఆధారపడకూడదు. ఒకచోట పొరపాటున తుడిచింది రెండో చోటా తుడిచిపెట్టుకుపోతుంది. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ పాత రూపాలను కూడా దాచి ఉంచుతాయి.

తెలుగులో రాసేవారికి మరో జాగ్రత్త అవసరం. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో తయారైన కథలు, వ్యాసాలు, పత్రికల పుటలు ఇప్పటికీ చాలామంది దగ్గర ఉన్నాయి. డ్రైవ్ వాటిని చెక్కుచెదరకుండా దాచినా, ఆ ఫాంట్, ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. వాటిని తెరవగలిగే యంత్రం ఇంకా పనిచేస్తుండగానే పీడీఎఫ్‌గానూ, యూనికోడ్‌లోకి మార్చీ దాచుకోవాలి.

కొనేటప్పుడు

ఇంటి బ్యాకప్‌కు, ఉన్న డబ్బుతో ఒక ఖరీదైన ఎస్‌ఎస్‌డీ కంటే రెండు మామూలు హార్డ్ డ్రైవ్‌లు కొనడం మేలైన ఎంపిక. వీలైతే వేర్వేరు సంస్థలవి తీసుకుంటే ఒకే తయారీ లోపం రెండింటికీ ఉండే అవకాశం తగ్గుతుంది. ప్రయాణాల్లో రోజూ వెంట తీసుకెళ్లేవారికి, వీడియోలతో పనిచేసేవారికి ఎస్‌ఎస్‌డీ నప్పుతుంది. వారు కూడా దాచుకునే ప్రతిని హార్డ్ డ్రైవ్‌లో ఉంచుకుంటే మంచిది. అధీకృత విక్రేత దగ్గర బిల్లుతో కొనాలి. వారంటీ కింద సంస్థ కొత్త డ్రైవ్ ఇస్తుంది గానీ అందులోని ఫొటోలను ఇవ్వదు. కొన్న తేదీని డ్రైవ్‌పై చిన్న చీటీ అంటించి రాసి, ఐదేళ్లు దాటాక అందులోని ఫైళ్లను కొత్తదానికి మార్చి, పాతదాన్ని అదనపు ప్రతిగా ఉంచుకోవచ్చు. ఏటా మార్చి 31న ప్రపంచ బ్యాకప్ దినం జరుపుతారు. మన ఆర్థిక సంవత్సరం ముగిసేదీ ఆ రోజే. లెక్కలు ముగించే రోజునే డ్రైవ్‌లను కూడా తీసి ఒకసారి సరిచూసుకుంటే ఆ పని మరిచిపోకుండా ఉంటుంది.